సుదీర్ఘ కాలిబాటపై ఒక రోజు నడక: కాల ప్రణాళిక

స్కాట్లాండ్‌లోని వెస్ట్ హైలాండ్ వే అనే కాలిబాట పొడవు సుమారు 154 కి.మీ. దీనిలో ఒక రోజు నడకకు ఒక భాగాన్ని ఎంచుకున్నప్పుడు, చీకటి పడేలోగా అది పూర్తవుతుందా అని ముందుగా లెక్కించుకోవాలి.

ఇందుకు 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ సూచించిన సూత్రం ఉపయోగపడుతుంది: ప్రతి 5 కి.మీ. దూరానికి ఒక గంట, 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి మరో గంట.

ఉదాహరణ: కింగ్స్‌హౌస్ నుంచి కిన్‌లోక్‌లెవెన్‌కు సుమారు 14 కి.మీ. దూరానికి 2 గంటల 48 నిమిషాలు, సుమారు 400 మీటర్ల ఎత్తుకు 40 నిమిషాలు. మొత్తం దాదాపు మూడున్నర గంటలు. విశ్రాంతి, భోజనం, వర్షం, బురద ఈ లెక్కలో లేవు. కాబట్టి ఐదు గంటలు కేటాయించండి.

డిసెంబరు చివర అక్కడ ఉదయం 9 గంటల ప్రాంతంలో సూర్యోదయం, సాయంత్రం 4 లోపే సూర్యాస్తమయం. 9 గంటలకు బయలుదేరితే 2 గంటలకు చేరతారు. మధ్యలో ఆలస్యమైతే? అందుకే వెనుదిరిగే వేళను ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి: 11.30కి కొండ కనుమ పైకి చేరకపోతే, వచ్చిన దారినే వెనక్కి రండి. అప్పుడు వెలుతురు ఉండగానే బయలుదేరిన చోటుకు చేరుకుంటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 10 కి.మీ. దూరం, 300 మీటర్ల ఎక్కుడు ఉన్న దారికి నైస్మిత్ సూత్రం ప్రకారం ఎంత సమయం పడుతుంది? (జవాబు: రెండున్నర గంటలు)