ఫోను వేరు, కంపెనీ వేరు

మన ఫోన్లో కంప్యూటర్లు రెండు. ఒకటి మనం డబ్బు పోసి కొన్నది. రెండోది సిమ్ము. గోరంత ఉన్నా దానికీ సొంత ప్రాసెసరు, సొంత మెమరీ, సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నాయి. కాకపోతే అది సాధారణంగా మన సొత్తు కాదు. షరతుల కాగితం ఓపిగ్గా చదివితే అది కంపెనీదేనని ఎక్కడో ఒక మూల రాసి ఉంటుంది.

కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లు, స్టోరేజీ 128 జీబీ చాలుతుందా 256 తీసుకోవాలా అని దుకాణంలో అరగంట తర్జనభర్జన పడే మనం సిమ్ము గురించి అడిగేది ఒకటే: రెండు పడతాయా? ఆ ప్రశ్న అడగగలుగుతున్నామంటే, ఫోను ఒకరి దగ్గరా కనెక్షను ఇంకొకరి దగ్గరా కొనుక్కోగలుగుతున్నామంటే, అదంతా ఈ ముక్క చలవే. మనకు కంపెనీ మారే స్వేచ్ఛ ఇవ్వాలని మాత్రం దీన్ని ఎవరూ తయారు చేయలేదు. దొంగల బెడద నుంచీ, దేశాల సరిహద్దుల తంటా నుంచీ పుట్టింది.

మొదటి తరం సెల్‌ఫోన్లలో నంబరును ఫోనులోపలే రాసిపెట్టేవారు. అమెరికాలో ఆ ఫోన్లు కాల్ చేసిన ప్రతిసారీ తమ నంబరునూ, తయారీ సంఖ్యనూ గాల్లోకి బాహాటంగా పంపేవి. రేడియో స్కానరు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నవాడు ఆ రెండూ పట్టేసి ఇంకో ఫోనులో ఎక్కించేవాడు. మాట్లాడేది వాడు, బిల్లు కట్టేది అసలు మనిషి. యూరప్‌ది వేరే గోల. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. జర్మనీ కారులో బిగించిన ఫోను ఫ్రాన్స్‌లో అడుగు పెడితే మూగబోయేది. అందరికీ ఒకే పద్ధతి కోసం 1982లో అక్కడి టెలిఫోను శాఖలు ఒక కమిటీ వేసుకున్నాయి. దాని పేరు పొడి అక్షరాలే జీఎస్ఎం. మనిషి గుర్తింపును ఫోను నుంచి విడదీసి ఒక కార్డులో పెడితే, కార్డు జేబులో వేసుకుని ఏ దేశంలో ఏ ఫోనులోనైనా దూర్చుకోవచ్చన్నది వాళ్ల ఆలోచన. జీఎస్ఎం ఫోన్లు రాకముందే జర్మనీ పాత సి-నెట్ ఫోన్లలో ఇలాంటి కార్డు ఉండేది.

కార్డులో చిప్పు పెట్టడమన్న ఊహ ఇంకా పాతది. 1968లో యూర్గెన్ డెత్‌లాఫ్, హెల్ముట్ గ్రోట్రుప్ అనే ఇద్దరు జర్మన్లు దానికి పేటెంటు కోరారు. 1974లో ఫ్రాన్స్‌లో రోలాఁ మొరెనో అలాంటి దానికే పేటెంటు తీసుకున్నాడు. ఎవరు ముందన్న పంచాయితీ జోలికి నేను పోను గానీ, గ్రోట్రుప్ గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను. యుద్ధకాలంలో ఆయన వి-2 రాకెట్ల మీద పనిచేశాడు. 1946లో సోవియట్లు ఆయన్ని తమ దేశం తీసుకుపోయి రాకెట్ల పనిలోనే పెట్టారు. 1953లో ఇంటికి తిరిగొచ్చాడు. తర్వాత కరెన్సీ నోట్లు ముద్రించే గీజెక్ అండ్ డెవ్రియెంట్ సంస్థకు చెందిన కంపెనీలో చేరాడు. దొంగనోట్లను ఆపడం అలవాటున్న ఆ సంస్థే 1991లో తొలి సిమ్ములు తయారు చేసి ఫిన్లాండ్‌కు చెందిన రేడియోలిన్యా అనే ఫోను కంపెనీకి 300 అమ్మింది. అదే ఏడాది జులై 1న ఫిన్లాండ్ మాజీ ప్రధాని హారి హోల్కెరి జీఎస్ఎం పద్ధతిలో తొలి కాల్ చేశాడు. గ్రోట్రుప్ అప్పటికి పదేళ్ల కిందటే కన్నుమూశాడు.

ఇంతకీ లోపల ఏముంది? మన ఫోన్ నంబరు అనుకుంటాం గానీ, సిమ్ముకు అది ముఖ్యం కాదు. అందులో ఉండేది చందాదారు గుర్తింపు సంఖ్య. మన దేశంలో అది 404తోనో 405తోనో మొదలవుతుంది. ఫలానా సంఖ్య ఫలానా ఫోన్ నంబరుకు చెందుతుందని కంపెనీ తన కంప్యూటర్లలో రాసుకుంటుంది. సిమ్ము పోయినా పాత నంబరే మళ్లీ ఇవ్వగలుగుతున్నది అందుకే. దాంతోపాటు 128 బిట్ల రహస్య సంఖ్య ఒకటి ఉంటుంది. దాని నకలు కంపెనీ దగ్గర ఉంటుంది. ఆ రహస్యాన్ని కార్డు నేరుగా ఎన్నడూ బయటపెట్టదు. దాన్ని చదివే దారి ఫోనుకు కూడా లేదు.

మరి బయటపెట్టకుండా రుజువు చేయడమెలా? ఫోను ఆన్ చేయగానే నెట్‌వర్కు ఏదో ఒక సంఖ్యను పంపుతుంది. సిమ్ము ఆ సంఖ్యనూ తన రహస్యాన్నీ కలిపి ఒక లెక్క చేసి జవాబు పంపుతుంది. అవతల కంపెనీ కూడా అదే లెక్క చేసుకుంటుంది. రెండు జవాబులూ కుదిరితే తలుపు తెరుచుకుంటుంది. మధ్యలో ఎవడైనా చెవి ఒగ్గి విన్నా వాడికి దక్కేది ఒక ప్రశ్న, ఒక జవాబు. రేపటి ప్రశ్న వేరు. చాలా కంపెనీలు వాడిన ఆ లెక్కలో లొసుగుందని 1998లో ఇయన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ పట్టుకున్నారు. కార్డు చేతికి చిక్కితే, వేల ప్రశ్నలు వేసి రహస్యాన్ని కూపీ లాగొచ్చని తేల్చారు. అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది: సిమ్ము తానెవరో రుజువు చేసుకునేది గానీ, టవరు అసలుదో నకిలీదో అడిగేది కాదు. 3జీ వచ్చాక టవరు కూడా పరీక్షకు నిలబడాల్సి వచ్చింది.

సిమ్ము మొదట ఏటీఎం కార్డంత ఉండేది. 25 మిల్లీమీటర్లకు 15 అయింది, తర్వాత 15కు 12, 2012లో 12.3కు 8.8. తగ్గుతూ వచ్చింది చుట్టూ ఉన్న ప్లాస్టిక్కే. అందుకే సెల్ షాపుల్లో స్టాప్లరు లాంటి కట్టరుతో టక్కుమని కోసి ఇచ్చినా సిమ్ము బతికేది. ఒకప్పుడు ఫోనుకు స్టోరేజీ అంటే కూడా ఇదే: సుమారు 250 పేర్లు, కొన్ని మెసేజీలు. పేర్లు పొడుగ్గా ఉంటే తోక తెగిపోయేది.

మన దేశంలో సెల్‌ఫోను 1995 జులై 31న నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కాల్‌తో మొదలైంది. వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టిన కాలం అది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక గానీ అది జనం చేతికి రాలేదు. ఆ ఏడాదే రిలయన్స్ 501 రూపాయలకే ఫోను చేతిలో పెట్టింది. ఆటోవాళ్ల దగ్గరా ఫోన్లు మోగాయి. కానీ జీఎస్ఎం కాక సీడీఎంఏ అనే వేరే పద్ధతిలో నడిచే ఆ ఫోన్లలో సిమ్ము లేదు. నంబరు మళ్లీ ఫోనులోపలికే పోయింది. కనెక్షను వద్దనుకుంటే ఫోనూ వృథా. చవకే, కానీ తాడు కట్టిన చవక.

అమెరికాలో సిమ్ము ఉన్న ఫోనుకే తాళం వేశారు. 2007లో వచ్చిన ఐఫోను 2011 దాకా అక్కడ ఏటీ అండ్ టీ దగ్గరే దొరికేది. అక్కడి అన్నయ్యో మేనమామో ముచ్చటపడి తెచ్చిచ్చిన ఫోను ఇక్కడి సిమ్ము వేస్తే పనిచేసేది కాదు. తాళం తీయించడానికి దాన్ని పట్టుకుని హైదరాబాదు ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్ మెట్లెక్కినవాళ్లు ఎందరో. 2013లో అమెరికాలో అనుమతి లేకుండా తాళం తీయడం చట్టవిరుద్ధమైంది. లక్షమందికి పైగా సంతకాలతో గోల చేస్తే 2014 ఆగస్టులో ఒబామా సంతకంతో కొత్త చట్టం వచ్చి ఆ నిషేధం తొలగింది. డబ్బు పెట్టి కొన్న వస్తువు తాళం తీసుకోవడానికి చట్టం కావాల్సి రావడమే నాకు వింతగా తోస్తుంది.

మన దగ్గర ఇంకో తాళం ఉండేది, నంబరు రూపంలో. 9440 అంటే బీఎస్ఎన్ఎల్, 9848 అంటే ఐడియా, 9849 అంటే ఎయిర్‌టెల్. కంపెనీ మారితే పెళ్లి శుభలేఖల నుంచి షాపు బోర్డు దాకా అన్నీ మార్చుకోవాలి. 2010 నవంబరులో హర్యానాలో, 2011 జనవరి 20న దేశమంతటా నంబరు మారకుండా కంపెనీ మారే వీలొచ్చాక ఆ తాళం ఊడింది. అప్పటికే జనం రెండు సిమ్ముల ఫోన్లతో తమ దారి తాము వెతుక్కున్నారు: ఒకటి ఇన్‌కమింగ్‌కు, ఇంకోటి ఎప్పుడు ఏ ఆఫరుంటే అది. నోకియా లాంటి మహా సంస్థ ఈ అవసరాన్ని ఆలస్యంగా గుర్తించింది. 2018 చివర్లో కనీసం నెలకు 35 రూపాయలు కట్టకపోతే కనెక్షను ఉండదన్న పద్ధతి మొదలయ్యాక రెండో సిమ్ములు చాలామంది వదిలేశారు.

కొన్ని ఫోన్లలో రెండో అర ఉమ్మడిది: సిమ్ము అయినా పెట్టుకో, మెమరీ కార్డయినా పెట్టుకో, రెండూ కుదరవు. అలాంటప్పుడు నా మటుకు సిమ్మే మేలు. ఫొటోలను కంప్యూటర్లోకి ఎక్కించొచ్చు. సిగ్నలును ఎక్కడా దాచుకోలేం. కంపెనీని ఎంచుకునేటప్పుడు కూడా ప్రకటనల్లోని వేగాల కన్నా, పక్కింటివాళ్ల ఫోను వంటగదిలో మోగుతుందా లేదా అన్నదే నమ్ముతాను.

ఇప్పుడు కార్డే మాయమవుతోంది. ఈ-సిమ్ అంటే ఫోను బోర్డుకే అతికించిన చిప్పు; కంపెనీ వివరాలు ఇంటర్నెట్ నుంచి అందులోకి దిగుతాయి. 2022లో అమెరికాలో అమ్మిన ఐఫోను 14కు సిమ్ము పెట్టే అరే లేదు. 2025 నాటి ఐఫోను ఎయిర్‌కు ఎక్కడా లేదు. విదేశం వెళ్లే పిల్లలు విమానమెక్కక ముందే అక్కడి కనెక్షను తీసుకోవచ్చు, ఇది మంచిదే. ఫోను కొట్టేసినవాడు సిమ్ము పీకి పారేయలేడు, అదీ మంచిదే. చిక్కల్లా ఫోను నీళ్లలో పడినప్పుడు. కార్డయితే తీసి తుడిచి అటకమీది కీప్యాడ్ ఫోనులో వేస్తే సరి. ఈ-సిమ్మును వేరే ఫోనులోకి మార్చమంటే కంపెనీ ఓటీపీ అడగొచ్చు. అది వచ్చేది చచ్చిన ఫోనుకే. సిమ్ము మార్చాక ఏడు రోజుల దాకా వేరే కంపెనీకి పోనివ్వని నిబంధన కూడా 2024 జులై నుంచి ఉంది. నంబర్లు కాజేసే మోసగాళ్లను ఆపడానికి పెట్టిందది. ఇన్ని చిక్కులున్నాయి కాబట్టే బ్యాంకుకు ఇచ్చిన నంబరును కార్డు మీదే ఉంచుకుని, డేటా కోసం తీసుకున్న రెండో కనెక్షనును ఈ-సిమ్ చేసుకున్నాను.