గుండెకు ఎండ కావాలా?

పిల్లలూ! ముప్పయి యేళ్లకు పైగా బడిలో "ప్రశ్న రెండుసార్లు చదివి, తరువాత జవాబు రాయండి" అని చెప్పినవాణ్ణి నేను. అటువంటి నేను జానెడు మందుచీటీ ఒక్కసారైనా సరిగా చదవక ఏమి తెచ్చిపెట్టుకున్నానో చెబుతాను, వినండి.

మాది అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరం. గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టిన ఊరు. మా మండలానికి ఒక పక్క సముద్రం, మిగిలిన పక్కల పొలాలు. ఎండకు కరువన్నది లేదు. అయినా కిందటేడు రక్తం పరీక్ష చేస్తే, నా ఒంట్లో డి విటమిన్ బాగా తక్కువగా ఉన్నదని తేలింది. ఉద్యోగం అయిపోయిన తరువాత నేను పగలల్లా అరుగు మీద నీడపట్టున కూచుని పేపరు చదువుకునేవాణ్ణి గదా! డాక్టరుగారు పాలలో కలుపుకుని తాగమని పొడి పొట్లాలు రాసి ఇచ్చారు. ఒక్కొక్క పొట్లంలో 60,000 యూనిట్ల డి విటమిన్ ఉన్నది. పాలు రోజూ తాగేవే కనుక పొడి కూడా రోజూ కలుపుకోవాలని నేనే అనుకున్నాను. పొట్లాలు అయిపోయే వేళకు ఎవరో, "మాస్టారూ, డి విటమిన్ గుండెకు కూడా మంచిదట" అన్నారు. మా నాన్నగారు గుండెజబ్బుతోనే పోయారు. ఆ భయం కొద్దీ నేనే మళ్లీ మళ్లీ కొనుక్కుని తాగాను.

రెండు నెలలు దాటేసరికి నాకు ఆకలి పోయింది. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు. రాత్రి నాలుగైదుసార్లు లేవవలసి వచ్చేది. ఏడో తరగతి చదివే మా మనుమరాలు ఒకనాడు అలమారలో ఉన్న చీటీ తీసి చదివి, "తాతయ్యా, ఇందులో వారానికి ఒకటి అని ఉందే!" అన్నది. పరుగున వెళ్లి రక్తం చూపించుకుంటే కాల్షియం ఉండవలసినదానికన్న చాలా ఎక్కువగా ఉన్నది. "ఇంకొన్నాళ్లు ఇలాగే తాగితే మూత్రపిండాలు చెడేవి, గుండె లయ తప్పేది" అన్నారు డాక్టరుగారు.

గుండె కోసమని తాగిన మందు గుండెకే ముప్పు తెచ్చేది! ఇది అర్థం కావాలంటే ముందు ఒక కప్పగుండె కథ తెలియాలి.

లండనులో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు ఉండేవాడు. 1882 ప్రాంతంలో ఆయన కప్పల గుండెను బయటికి తీసి, ఉప్పునీటిలో ఉంచి, అది ఎంతసేపు కొట్టుకుంటుందో చూసేవాడు. గుండె చాలాసేపు చక్కగా కొట్టుకున్నది. అయితే తరువాత విచారిస్తే తెలిసినదేమంటే, ఆయన దగ్గర పనిచేసే మనిషి ఆ ఉప్పునీటిని బట్టీ పట్టిన శుద్ధమైన నీటితో కాక, కుళాయి నీటితో తయారు చేశాడు! సరే, ఈసారి శుద్ధజలంతోనే చేద్దామని చేస్తే, గుండె కాసేపట్లోనే నీరసించి ఆగిపోయింది. కుళాయి నీటిలో ఉండి శుద్ధజలంలో లేనిది ఏమిటి? సున్నపు ధాతువు, అంటే కాల్షియం. అది కాస్త కలపగానే గుండె మళ్లీ కొట్టుకోసాగింది. పనివాడి పొరపాటు వల్ల లోకానికి ఎంత మేలు జరిగిందో చూశారా! నా పొరపాటు అటువంటిది కాదు లెండి.

కనుక గుండె కండరం ముడుచుకోవడానికి కాల్షియం కావాలి. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. మరి మనం తిన్న అన్నంలోని కాల్షియం రక్తంలోకి ఎలా వస్తుంది? చిన్నప్రేగుల దగ్గర డి విటమిన్ తలుపు తీస్తే వస్తుంది. ఈ విటమిన్‌ను చాలా మట్టుకు మన చర్మమే తయారు చేసుకుంటుంది. చర్మంలో ఉండే ఒక పదార్థానికి ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అది డి విటమిన్‌గా మారుతుంది. ఆ తరువాత కాలేయం, మూత్రపిండాలు దానికి మెరుగు పెట్టి పనికి పంపుతవి.

ఇది చాలనప్పుడు పిల్లలకు రికెట్స్ అనే జబ్బు వస్తుంది. ఎముకలు మెత్తబడి దొడ్డికాళ్లు పడతవి. 1919లో ఇంగ్లండులో మెలన్‌బీ కుక్కపిల్లల మీద ప్రయోగాలు చేసి, కాడ్ చేపనూనె ఈ జబ్బును ఆపుతుందని చూపాడు. అదే ఏడు బెర్లినులో హుల్ద్‌షిన్‌స్కీ అనే వైద్యుడు జబ్బుపడిన పిల్లలకు పాదరసపు దీపపు కాంతి తగిలించి, అదీ నయం చేస్తుందని చూపాడు. ఒకరిది నూనె, ఒకరిది వెలుగు! రెండూ ఒకే పని చేస్తున్నవని తేలడానికి కొన్నేళ్లు పట్టింది. 1922లో అమెరికాలో మెకాలమ్, అప్పటికే ఎ, బి, సి ఉన్నవి గనుక, నూనెలోని ఆ వస్తువుకు డి అని పేరు పెట్టాడు. ఆ కాలంలోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి, రక్తంలో భాస్వరం ఎంత ఉన్నదో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. రికెట్స్‌లో భాస్వరం కూడా తగ్గుతుంది కనుక ఆ పద్ధతి వైద్యులకు బాగా అక్కరకు వచ్చింది.

"ఇంత ఎండ ఉన్న దేశంలో ఈ కొరత ఎందుకండీ?" అని మీరు అడగవచ్చు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో హరినారాయణ్‌గారూ, ఆయన తోటివారూ ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. పట్నవాసులలోనే కాదు, పల్లెవాసులలో కూడా చాలామందికి ఈ లోటు ఉన్నదని 2007లో ప్రకటించారు. మన తిండిలో కాల్షియం తక్కువ. పైగా ధాన్యాలలో ఉండే ఫైటేటు అనే పదార్థం ఆ ఉన్న కాస్తనూ పట్టి ఉంచుతుంది. మరొక ప్రయోగంలో వారు చర్మంలోని పదార్థాన్నే గాజు గొట్టాలలో పోసి, గంట గంటకూ ఎండలో పెట్టి చూశారు. పగలు పదకొండు మొదలు రెండు గంటల వరకు డి విటమిన్ ఎక్కువగా తయారయింది. పొద్దుటి లేత ఎండలోనే ఇది దొరుకుతుందని మనం అనుకునేది సరికాదన్నమాట.

ఇది మీరే కొలుచుకోవచ్చు. మీ నీడ మీకంటె పొట్టిగా ఉంటే ఆ ఎండలో డి విటమిన్ బాగా తయారవుతుంది. మా ఊళ్లో డిసెంబరులో తొమ్మిది గంటల ప్రార్థనవేళ నీడ మనిషికి ఒకటిన్నర రెట్లు మించి ఉంటుంది. పదకొండు నుంచి ఒంటిగంట వరకే పొట్టిది. మే నెలలో తొమ్మిదికే పొట్టిదవుతుంది కనుక, వడగాడ్పు వేళ నిలబడనక్కరలేదు. చేతులకూ కాళ్లకూ కాసేపు తగిలితే చాలు. సూర్యుణ్ణి మాత్రం చూడకండి. మా రేవుపోలవరం వైపు వలలకు పడే కవ్వళ్లు, కానాగంతలు తినేవారికి తిండిలో కూడా కొంత దొరుకుతుంది.

ఇక గుండె సంగతి. పసిపిల్లలలో ఈ లోటు మరీ ఎక్కువైతే కాల్షియం పడిపోయి గుండె ఉబ్బి బలహీనమవుతుంది. లండనులో అలా ప్రాణం మీదికి వచ్చిన పదహారుమంది పసివాళ్ల సంగతి 2008లో వైద్యులు ప్రకటించారు. కొందరు దక్కలేదు, మిగిలినవారి గుండెలు కాల్షియం, డి విటమిన్ ఇవ్వగా క్రమంగా కోలుకున్నవి. తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కాని పెద్దల మాట వేరు. గుండెజబ్బు ఉన్నవారిలో డి విటమిన్ తక్కువగా కనిపించడం నిజమే. వాన వచ్చిన రోజున వీధిలో గొడుగులు కనిపిస్తవి, చెరువులో కప్పలు అరుస్తవి. గొడుగులు చూసి కప్పలు అరిచినవంటామా? జబ్బుపడ్డవారు ఇల్లు కదలరు, ఎండ తగలదు. కారణం అటైనా కావచ్చు, ఇటైనా కావచ్చు. తేల్చడానికి అమెరికాలో 25,871 మందిని తీసుకుని, సగంమందికి రోజూ 2,000 యూనిట్ల డి విటమిన్, సగంమందికి ఉత్తుత్తి బిళ్లలు ఇచ్చారు. ఎవరిది ఏదో వారికి చెప్పలేదు. అయిదేళ్లు దాటాక 2018లో లెక్క చూస్తే, గుండెపోట్లు రెండు వైపులా ఇంచుమించు సమానమే! లోటు ఉంటే తీర్చుకోవాలి గాని, గుండెకు కాపలాగా ఈ మందు మింగి లాభం లేదని తేలింది. ఈ సంగతి ఆ పొట్లాలు కొనేముందు నాకు తెలిసి ఉంటే బాగుండేది.

డి విటమిన్ ఒంట్లోని కొవ్వులో దాగి ఉండే వస్తువు. అందుకని పొట్లాలు ఆపినా నా కాల్షియం దారికి రావడానికి చాలా వారాలు పట్టింది. ఇప్పుడు మా ఇంట్లో మందుచీటీలన్నీ మనుమరాలి పెట్టెలోనే ఉంటవి. సెలవురోజున అది పెరట్లో ఒక పుల్ల పాతి, స్కేలుతో నీడ కొలిచి, "తాతయ్యా, నీడ పొట్టిదయింది, రా!" అని కేకేస్తుంది. పేపరు మడిచి లేస్తాను.