ఊడిన అక్షరాన్ని పూడ్చే ఎంజైమ్

మిర్చి కల్లంలో ఉన్నన్నాళ్లూ వినుకొండ రైతుకు మబ్బంటే భయం. పరదాలు కప్పేలోగా ఒక్క అకాల వాన పడితే చాలు, తడిసిన కాయ రంగు పోయి తాలు కింద లెక్కపడుతుంది. ధర పడిపోవడం కంటికి కనిపించే నష్టం. కనిపించనిది ఇంకొకటుంది. తేమ ఆరని కాయకు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టి, అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. కిలో మిర్చిలో అఫ్లటాక్సిన్ బి1 రకం 5 మైక్రోగ్రాములు దాటితే యూరప్ ఆ సరుకును రానివ్వదు. అంటే వంద కోట్లలో 5 వంతులు. అంత పిసరు మీద అంత పట్టుదల ఎందుకంటే, అది చేసే పని మన డీఎన్ఏ మీద.

నిజానికి ఆ విషం తనంతట తాను పెద్దగా ఏమీ చేయదు. దాన్ని వదిలించుకోబోయి మన కాలేయంలోని ఎంజైములే దాన్ని చురుకైన రూపంలోకి మారుస్తాయి. అది వెళ్లి డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌కు అతుక్కుంటుంది. ఆ అతుకును చాలావరకు ఒక మరమ్మతు బృందం ముక్కతో సహా కత్తిరించి పారేస్తుంది. అయితే అతుకుపడిన గ్వానిన్‌కు పట్టు సడలి, ఒక్కోసారి అదే ఊడిపోతుంది. డీఎన్ఏ పోగు తెగదు, అక్షరం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ మిగులుతుంది.

ఇలాంటి ఖాళీలకు బూజు పట్టిన మిర్చే అక్కర్లేదు. ఒంట్లోని వేడి, నీరు చాలు. ఒక్కో కణంలో రోజుకు దాదాపు 10,000 అక్షరాలు వాటంతటవే రాలిపోతాయని స్వీడన్ శాస్త్రవేత్త థామస్ లిండాల్ 1970ల మొదట్లో లెక్కగట్టారు. డీఎన్ఏ మహా స్థిరమైనదని అందరూ అనుకుంటున్న రోజులవి. నిజంగా ఇంత రాలుతుంటే మనం బతికి ఉండటానికి ఎక్కడో మరమ్మతు జరుగుతూ ఉండాలని ఆయన వాదన. ఆ మరమ్మతును వెలికితీసినందుకే 2015లో రసాయన శాస్త్ర నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది.

ఆ మరమ్మతులో అక్షరాన్ని తిరిగి పెట్టేది డీఎన్ఏ పాలిమరేజ్ బీటా. ముందు ఇంకో ఎంజైమ్ వచ్చి ఖాళీ పక్కన పోగును తెంపుతుంది. అప్పుడు బీటా దిగుతుంది. దాని ఒంట్లో ఉన్నవి 335 అమైనో ఆమ్లాలే. డీఎన్ఏలో అక్షరాలు పేర్చే మన పాలిమరేజులన్నిటిలో అతి చిన్నది. అందులోనే రెండు పనిముట్లున్నాయి. పెద్ద భాగం కొత్త అక్షరాన్ని పెడుతుంది. చిన్న భాగంలో 72వ స్థానంలో ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లం, తెగిన చోట మొండిగా మిగిలిన చక్కెర ముక్కను పట్టుకుని ఊడదీస్తుంది. చివరికి లైగేజ్ అనే ఎంజైమ్ వచ్చి పోగు కొసలను అతికేస్తుంది.

ఈ యంత్రం ఉందని 1970ల మొదట్లోనే తెలిసినా, అది పనిలో ఉండగా దాని ఆకారం చూడటానికి 1994 దాకా ఆగాల్సివచ్చింది. ఆ ఏడాది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగోలో హ్యూగెట్ పెల్టియే, జోసెఫ్ క్రాట్, వారితోపాటు శామ్యూల్ విల్సన్ ఎలుక బీటాను డీఎన్ఏతో సహా స్ఫటికంగా పెంచి, ఎక్స్‌రేలు పంపి అణువుల అమరిక గీశారు. ఖాళీ ఉన్న డీఎన్ఏను పట్టుకున్న మనిషి బీటా చిత్రం 1997లో వచ్చింది. అందులో నాకు అన్నిటికన్నా వింతగా తోచేది డీఎన్ఏ పడే పాట్లు. ఖాళీ ఉన్న చోట అది దాదాపు 90 డిగ్రీలు వంగిపోయి ఉంటుంది. నిటారుగా ఉన్న పోగులో ఖాళీలోకి చొరబడటం కష్టం, వంచితే నోరు తెరుచుకుంటుంది. సరైన అక్షరం వచ్చి కూర్చోగానే ఎంజైమ్ ఒక కొస ముడుచుకుని దాని మీద మూసుకుంటుంది. 190, 192, 256 స్థానాల్లోని మూడు ఆస్పార్టిక్ ఆమ్లాలు రెండు మెగ్నీషియం అయాన్లను పట్టుకుని ఉంటాయి. కొత్త బంధం పడేది వాటి సాయంతోనే. 2013లో విల్సన్ బృందం స్ఫటికంలోనే ఈ చర్యను మెల్లగా నడిపించి, మధ్యమధ్యలో ఆపి చిత్రాలు తీసింది. తప్పు అక్షరం వచ్చినప్పుడు ఎదుటి పోగు ఎలా పక్కకు జరుగుతుందో కూడా అందులో కనపడింది.

బీటా రాసింది తిరిగి చదువుకోదు. కణం విభజన కోసం డీఎన్ఏ మొత్తాన్ని నకలు తీసే ప్రధాన పాలిమరేజులకు తప్పును వెనక్కి తీసే భాగం ఉంటుంది, దీనికి లేదు. కొన్ని వేల అక్షరాలకు ఒకటి చొప్పున తప్పు పోతుంది. దీన్ని లోపమనడానికి నాకు మనసొప్పదు. ఒక్క అక్షరం పెట్టి తప్పుకునేదానికి అంత సరంజామా అనవసరం.

నకలు తీయాల్సిన పనే లేని చోట ఈ చిన్న ఎంజైమ్ విలువ తెలుస్తుంది. మెదడులోని నాడీకణాలు విభజన చెందవు. పుట్టుకతో వచ్చిన డీఎన్ఏనే అతుకులు వేసుకుంటూ జీవితమంతా నెట్టుకురావాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు పట్టుకున్నది ఈ కొసనే. ఆయన బృందం వయసు వేరువేరుగా ఉన్న ఎలుకల మెదడు నుంచి నాడీకణాల సారం తీసి, దానికి పాడైన డీఎన్ఏ ముక్కలు ఇచ్చి చూసింది. ముసలి ఎలుకల సారం మరమ్మతు సరిగా చేయలేకపోయింది. బయటి నుంచి శుద్ధమైన బీటా కలిపితే పని మళ్లీ సాగింది. ఇది 2000లో అచ్చయింది. ఖాళీ పూడ్చే పరీక్షలో బీటాతోపాటు లైగేజ్ కూడా కలపాల్సివచ్చిందని 2005లో రాశారు. వయసుతో తగ్గిపోయేది ఒక్క పనిముట్టు కాదన్నమాట.

బీటా అసలే లేకుండా పుట్టించిన చిట్టెలుకలు పుట్టిన వెంటనే చనిపోయాయి. వాటి మెదడు ఎదిగే దశలోనే నాడీకణాలు పెద్ద ఎత్తున రాలిపోయాయని 2000లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. 2015లో అమెరికా జాతీయ వృద్ధాప్య పరిశోధన సంస్థలో అల్జీమర్స్ నమూనా చిట్టెలుకల్లో బీటా జన్యువు రెండు ప్రతుల్లో ఒకదాన్ని తీసేస్తే, వాటి జ్ఞాపకశక్తి ఇంకా దెబ్బతింది.

మరి ఉన్నది పెంచితే సరిపోదా? గాజు గొట్టంలో కలిపినంత తేలిగ్గా బతికున్న మెదడులోకి బీటాను పంపలేం. పాలిమరేజుల్లో చిన్నదే అయినా, ఇలాంటి ప్రొటీన్‌ను రక్తం నుంచి మెదడులోకి దాటనివ్వని అడ్డు మధ్యలో ఉంది. పైగా కొన్ని కేన్సర్ కణితుల్లో బీటా మామూలుకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. డీఎన్ఏను దెబ్బతీసి కణితిని చంపాలనుకునే మందులకు అది అక్కడ ఎదురు నిలుస్తుంది. అందుకే నాడీకణంలో నిలబెట్టాలనుకుంటున్న ఈ ఎంజైమునే కణితిలో ఆపగల మందుల కోసం వేరే ప్రయోగశాలలు వెతుకుతున్నాయి.