బడి ఈడు రాని పిల్లలు – నులిపురుగులు

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం వద్ద వెలసిన జంషెడ్‌పూర్ ప్రణాళికాబద్ధమైన పట్టణంగా పేరుపొందింది. 1919 ప్రాంతంలో దాని విస్తరణకు ప్రణాళిక రచించిన ఎఫ్.సి. టెంపుల్ స్వయంగా పారిశుద్ధ్య ఇంజనీరు. ఉక్కు కర్మాగారంలో పనికై వెళ్ళిన తెలుగువారెందరో అక్కడ స్థిరపడ్డారు. అయితే జనాభా ప్రణాళికను మించి పెరిగింది. మురుగుకాలువకు నోచుకోని బస్తీలో ఇంటి ముంగిలే పసివారి ఆటస్థలం. నులిపురుగులు సోకేదీ అక్కడే.

వాడుకలో అన్నింటినీ నులిపురుగులే అన్నా, మట్టి ద్వారా వ్యాపించేవి ముఖ్యంగా మూడు: ఏలికపాములు, కొరడా పురుగులు, కొంకిపురుగులు. ఆడ ఏలికపాము రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. మలంతో నేలపై పడిన ఆ గుడ్లు తడి, నీడ దొరికితే రెండు మూడు వారాలలో సోకే స్థితికి వస్తాయి. మట్టి అంటిన వేలు నోట పెట్టుకుంటే చాలు, గుడ్డు పేగును చేరుతుంది. అందులోనుండి వెలువడిన డింభకం తిన్నగా అక్కడే ఉండదు. రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు పోయి, గొంతుకు ఎగబ్రాకి, మ్రింగుడుపడి తిరిగి పేగుకే వస్తుంది. కొంకిపురుగు డింభకమైతే చెప్పులు లేని పాదాన్ని తొలుచుకొనే లోపలికి పోతుంది. పెరిగి పేగుగోడను పట్టుకొని రక్తం పీలుస్తుంది. అసలే చాలీచాలని తిండి తినే మూడేళ్ళ బిడ్డకు ఆ నష్టం రక్తహీనతగా పరిణమిస్తుంది. ఏలికపాములు గుంపుగా చేరితే పేగు మూసుకుపోయి ప్రాణాపాయం కలుగవచ్చు.

తీపి తింటే పురుగులు పుడతాయని బెల్లం దాచే పెద్దలు మన ఇళ్ళలో ఉన్నారు. దోషం బెల్లానిది కాదు, కడగని చేతిది.

బడికి వెళ్ళే పిల్లలకు మాత్ర బడిలోనే ఇవ్వవచ్చు. పసివారికి అంగన్‌వాడీయే శరణ్యం. 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఏర్పరచిన ఈ కేంద్రాలే, 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినానికి ఆధారమయ్యాయి. రెండేళ్ళు నిండిన బిడ్డకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర, ఏడాది నుండి రెండేళ్ళ లోపువారికి అందులో సగం. గొంతుకు అడ్డుపడకుండా పొడిచేసి నీటిలో కలిపి ఇస్తారు. ఒంట్లో బాగులేని బిడ్డకు ఆనాడు ఇవ్వరు; కోలుకున్నాక ఇస్తారు. ఒక్క మోతాదుకు కొరడా పురుగులు అంత సులభంగా లొంగవు.

పసిబిడ్డ మలంలో దోషం లేదనుకొని పెరటిలో పారవేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ బిడ్డ కడుపులో పురుగులుంటే గుడ్లు తిరిగి ముంగిటికే చేరుతాయి. మాత్ర పేగులోని పురుగును చంపుతుందే గాని మట్టిలోని గుడ్డును తాకలేదు. ఏలికపాము గుడ్డు అనుకూలమైన నేలలో ఏళ్ళ తరబడి బ్రతికి ఉండగలదు. వ్యాప్తి అధికంగా ఉన్నచోట ఆరునెలలకే మళ్ళీ మాత్ర ఇవ్వడం అందుకే.