వాకిట్లో పరిచిన అడవి

మట్టిలో ఆడి వచ్చిన పిల్లల్ని ముందు నూతిగట్టుకో, పంపు దగ్గరకో తరమడం మనకు అలవాటు. ఫిన్లాండ్ పరిశోధకులు సరిగ్గా దీనికి తలకిందులైన పని చేశారు. లాహ్తి, తాంపెరె నగరాల్లో కంకర తప్ప పచ్చదనం లేని కొన్ని శిశు సంరక్షణ కేంద్రాలకు అడవి నేలనే పెళ్లగించి తెచ్చారు. నాచు, చిన్న పొదలు, కుళ్లిన ఆకులు, అన్నీ కలిపి ఆవరణలో పరిచేశారు. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు కలిసి అందులో తవ్వారు, పాకారు, మొక్కలు నాటారు. 28 రోజులు ఇదే ఆట.

2020లో ఫలితాలు వెలువడ్డాయి. పచ్చబడిన ఆవరణల్లో ఆడిన పిల్లల చర్మం మీద గామాప్రోటియోబ్యాక్టీరియా రకాలు పెరిగాయి. రక్తంలో వాపును అణచే ఇంటర్‌ల్యూకిన్-10 అనే ప్రోటీన్ వాటా, వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-17తో పోలిస్తే, ఎక్కువైంది.

కారణం ఊహించదగ్గదే. ఎవరి మీద కలబడాలో, ఎవర్ని చూసీ చూడనట్టు వదలాలో రోగనిరోధక కణాలు పసితనంలో నేర్చుకుంటాయి. హాని చేయని సూక్ష్మజీవులతో తగినంత పరిచయం లేకపోతే, పుప్పొడిని కూడా శత్రువనుకుని ఎగబడే ప్రమాదం ఉంది. ఆ దూకుడుకు కళ్లెం వేసేవి నియంత్రక టి-కణాలు. పైగా పిల్లలు పదిమంది ఒకే మట్టిలో చేతులు పెడితే ఆ జీవులు చేతి నుంచి చేతికి పాకుతాయి. ఒంటరిగా కుండీ ముందు కూర్చోబెట్టిన బిడ్డకు ఆ సావాసం ఏదీ?

అలాగని రేపే ఇంట్లో మట్టి కుమ్మరించకండి. మొత్తం 10 కేంద్రాల్లో 75 మంది పిల్లలతో, ఒక్క నెల చూసిన ప్రయోగం ఇది. అలర్జీలు తగ్గాయని ఇది తేల్చలేదు. మన నేలకు ఇంకో చిక్కుంది: మలంతో కలుషితమైన మట్టిలో కొంకిపురుగు పిల్లలు ఉత్తకాళ్ల చర్మంలోంచే లోపలికి దూరతాయి. 2015లో కొన్ని రాష్ట్రాల్లో, ఆ తర్వాత దేశమంతా బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్రలు మింగిస్తున్నది నులిపురుగుల బెడదకే. కాబట్టి మనకు కావలసింది ఏ మట్టి పడితే ఆ మట్టి కాదు, మరుగుదొడ్డి నీళ్లు చేరని, నలుగురు పెద్దల కన్నుండే నేల.

1975లో మొదలైన అంగన్‌వాడీ పేరులోనే ఆంగన్ ఉంది. అంటే వాకిలి. అద్దె గదుల్లో నడుస్తున్న చాలా కేంద్రాలకు ఇప్పుడు కరువైంది అదే.