త్రాసు చెప్పని సంగతులు

కందిపప్పు తూచినను, బంగారము తూచినను త్రాసు చెప్పునది ఒక్కటే: బరువెంత అని. పప్పులో రాళ్లెన్ని యున్నవి, బంగారములో రాగి యెంత కలిసినది అను ప్రశ్నలకు అది ఉత్తరమీయదు. మానవ శరీరమును తూచునపుడును అంతే. ఎముక, కండ, కొవ్వు, నీరు, కడుపులోని ఆహారము, వీటినన్నిటిని కలిపి త్రాసు ఒకే అంకెగా చూపును. ఆ అంకె ఒక్కదానినే ఆరోగ్యమునకు కొలమానముగా నమ్మినవారు తరచుగా పొరబడుదురు.

హైదరాబాదులోని అమీర్‌పేటను చూడుడు. రెండు మెట్రో మార్గములు కలియు ఈ కూడలి చుట్టును కంప్యూటర్ శిక్షణాలయములు, హాస్టళ్లు క్రిక్కిరిసి యున్నవి. పలు ఊళ్లనుండి వచ్చిన యువతీయువకులు పగలెల్ల కుర్చీలలో కూర్చుండి చదువుదురు. అట్టి యువకుడొకడు ప్రతి ఉదయము అమీర్‌పేటనుండి పంజాగుట్టవరకు వడిగా నడచుట, సాయంకాలము బరువులెత్తుట ప్రారంభించెననుకొనుడు. ఆరు వారములు గడచినవి. త్రాసుమీది అంకె మారలేదు. పడిన శ్రమ వృథాయని తలచి అతడు వ్యాయామమునే మానివేయవచ్చును. నిజముగా అది వృథాయేనా?

మొదట నీటి సంగతి చూతము. ఒక లీటరు నీరు త్రాగినవాని బరువు ఆ క్షణముననే ఒక కిలో పెరుగును. చెమట పట్టినచో తగ్గును. ఉప్పెక్కువైన ఊరగాయ తిన్ననాడు శరీరము నీటిని ఎక్కువగా నిలువచేసికొనును. కండలలోను, కాలేయములోను గ్లైకోజెన్ అను పిండిపదార్థము నిలువయుండును. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోబాటు సుమారు మూడు గ్రాముల నీరుండును. ఉపవాసము చేసినవారికి మొదటి రెండుమూడు దినములలో తగ్గు బరువులో చాలభాగము ఈ నీరే గాని కొవ్వు కాదు.

ఇక కండ, కొవ్వు. ఒక లీటరు కండ సుమారు 1.06 కిలోలు తూగును. ఒక లీటరు కొవ్వు 0.9 కిలో మాత్రమే. ఒక కిలో కొవ్వు కరగి ఒక కిలో కండ పెరిగినచో త్రాసులో మార్పు కనబడదు. కాని పొట్టయొద్ద కొవ్వు తగ్గి, తొడలలోను భుజములలోను బలము పెరిగి యుండును. ఇందుకు విరుద్ధముగా, తిండి మాని బరువు తగ్గించుకొన్నవాడు కొవ్వుతోబాటు కండను గూడ పోగొట్టుకొనును. త్రాసు మొదటివానికి ఏమియు చెప్పదు; రెండవవానిని మెచ్చుకొనును!

శ్రీకాకుళము జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేతయైనది. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతిలో పోటీచేసి, మొత్తము 240 కిలోలెత్తి, కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారత మహిళయైనది. త్రాసు ఆమె ఏ తరగతికి చెందునో మాత్రమే నిర్ణయించినది. ఆమె శక్తిని నిర్ణయించినది ఆమె ఎత్తిన బరువు.

బరువును ఎత్తుతో పోల్చి చూచిన చాలదా? కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తుయొక్క వర్గముతో భాగించు పద్ధతిని బెల్జియము శాస్త్రజ్ఞుడు కెట్లే 19వ శతాబ్దములో సూచించెను. జనసమూహములను పరిశీలించుటకు అది పనికివచ్చును. ఒక్కొక్క వ్యక్తి విషయములో తప్పుదారి పట్టించవచ్చును. 2004లో పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ శరీరములనే ఉదాహరణగా ప్రకటించిరి. ఇద్దరి సూచికయు 22.3. కాని శరీరములో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతము, యాజ్ఞిక్‌కు 21.2 శాతము! చూచుటకు సన్నగా ఉన్నను భారతీయులలో కొవ్వు పాలు ఎక్కువగా నుండుట సామాన్యము. సన్ననివారికి గూడ మధుమేహము వచ్చుటకు ఇదియొక కారణము.

అందుచేత దర్జీవాని టేపు త్రాసుకంటె మంచి సాక్షి. చివరి ప్రక్కటెముకకును, తుంటి ఎముక పైఅంచుకును నడిమిచోట, ఊపిరి మెల్లగా వదలి, టేపును బిగించక కొలువవలెను. భారతీయులలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్తపడవలెను. నడుము కొలత ఎత్తులో సగమునకు మించరాదను సూత్రము గుర్తుంచుకొనుటకు సులభము.

లండన్ బస్సు ఉద్యోగులను పరిశీలించిన మారిస్ అను వైద్యుడు, రోజంతయు కూర్చుండు డ్రైవర్లకు, మెట్లెక్కిదిగు కండక్టర్లకంటె గుండెజబ్బు ఎక్కువయని 1953లో ప్రకటించెను. 1956లో ఆయన బృందము వారి యూనిఫారముల కొలతలను పరిశీలించగా, డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత ఎక్కువగా తేలినది.

రెండవ సాక్షి నాడి. నిద్ర లేవగానే, పక్కమీదనుండియే, మణికట్టు వద్ద వ్రేళ్లుంచి నిండు నిమిషము లెక్కింపవలెను. విశ్రాంతిలోనున్న పెద్దలకు సామాన్యముగా అది నిమిషమునకు 60 నుండి 100 వరకుండును. క్రమముగా వ్యాయామము చేయువాని గుండె ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ రక్తమును పంపగలుగును. కనుక తక్కువసార్లు కొట్టుకొనిన చాలును. నెలలు గడచినకొలది ఈ అంకె తగ్గుట మంచి గుర్తు.

శ్రమ తరువాత నాడి ఎంత త్వరగా దిగునో చూచుట మరియొక పరీక్ష. పంజాగుట్ట మెట్రో స్టేషను మెట్లు ఎక్కినవెంటనే ఒకసారి, నిమిషము తరువాత మరొకసారి లెక్కింపవచ్చును. ఒకే మెట్లు, ఒకే వేగము అయినపుడే నేటి లెక్కను నెల క్రిందటి లెక్కతో పోల్చవచ్చును. ఈ రెంటి తేడా పెరిగినచో గుండె త్వరగా తేరుకొనుచున్నదన్నమాట.

మూడవది కండబలము. చేతులు ఎదపై కట్టుకొని, కుర్చీనుండి 30 సెకండ్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుండగలరో లెక్కించుట వృద్ధులకొరకు ఏర్పరచిన పరీక్ష. ముసలితనములో కాలిబలము తగ్గినవారు పడిపోవుదురు. పడినవారికి తుంటి ఎముక విరుగును. పంజాగుట్టలోని నిమ్స్ 1960లలో నిజాము ధర్మనిధి సహాయముతో ఎముకల ఆసుపత్రిగా మొదలైనది. అట్టి ఆసుపత్రికి పోవలసిన అవసరమును తగ్గించునది తొడల బలము.

వ్యాయామశాలలలో పాదములనుండి స్వల్ప విద్యుత్తును పంపి కొవ్వు శాతమును తెలుపు యంత్రములున్నవి. విద్యుత్తు నీటిగుండా సులభముగా పోవును గనుక, త్రాగిన నీరు, పట్టిన చెమట లెక్కను మార్చును. ఒకే యంత్రముపై, ఒకే వేళ కొలిచినపుడే దానికి విలువ.

త్రాసును పారవేయనక్కరలేదు. కారణము లేక బరువు తగ్గుచున్నచో క్షయ, మధుమేహము, థైరాయిడ్ దోషము వంటివి ఉండవచ్చును. గుండెజబ్బు గలవారికి రెండుమూడు దినములలో బరువు పెరిగి కాళ్లు వాచినచో నీరు చేరుచున్నదని అర్థము. ఇట్టివారు వెంటనే వైద్యుని చూడవలెను. ఎదనొప్పి, ఆయాసము గలవారు వైద్యుని అడుగక ఈ పరీక్షలకు దిగరాదు.

తక్కినవారికి ఒక నోటుపుస్తకము, ఒక టేపు, సెకండ్లముల్లు గల గడియారము చాలును. వారమునకొకసారి బరువును, నాడిని, నెలకొకసారి నడుము కొలతను, మెట్ల లెక్కను, కుర్చీ లెక్కను వ్రాసికొనవలెను. ఆరు వారములకు త్రాసు కదలకపోయినను, నడుము రెండు సెంటీమీటర్లు తగ్గి, నాడి అయిదు దెబ్బలు దిగి, కుర్చీ లెక్క మూడు పెరిగినచో ఆ శ్రమ ఫలించినట్లే. మానవలసిన పనిలేదు.