విడిదియింటిని శుభ్రపఱచువారు

బెల్లంకొండలో మా మామగారు కట్టించిన యింటి తూర్పుభాగమును దినముల లెక్కన అద్దెకిచ్చుచున్నాము. 2016 ఆగస్టునందు కృష్ణాపుష్కరముల పండ్రెండు దినములును స్నానార్థులకు బసయిచ్చుటతో నిది యారంభమైనది. ఇప్పుడు కోట చూడవచ్చువారు, పులిచింతల జలాశయము చూడవచ్చువారు, పెండ్లిండ్ల చుట్టములు ఒకటి రెండు రాత్రులుండి పోవుదురు. ఉపాధ్యాయుని జీతమున కిది చిన్న యాసరా. ఒకరు పదునొకండు గంటలకు వెడలి, మఱొకరు రెండు గంటలకు దిగునప్పుడు నడుమనుండు మూడు గంటలే యిల్లాలికి పరీక్ష. ఆ మూడు గంటలను ఎవరి చేత బెట్టవలెనో మా యనుభవమునుబట్టి సోదరీమణులకు చెప్పెదము.

మొదట మేము పొరపడితిమి. పట్టణమునుండి మనుష్యులను పంపు నొక సంస్థవారితో మాటాడుకొంటిమి. ధర తక్కువ, మాటలు తియ్యన. వచ్చిన కుఱ్ఱవాడు మరుగుదొడ్డి కడుగు యాసిడ్డునే తెచ్చి హాలులోని నాపరాళ్ళపై కుమ్మరించెను. రాళ్ళు బుసబుస పొంగినవి. మురికి పోవుచున్నదని యతడు సంతోషించెను. కడిగి యారినపిమ్మట చూతుము గదా, రెండు తరములవారు నడచి నునుపెక్కిన నేల తెల్లబడి గరుకు తేలినది. ఆ మచ్చ నేటికిని పోలేదు.

మన పల్నాటి నాపరాయి సున్నపురాయియే. పిడుగురాళ్ళ బట్టీలలో కాల్చి సున్నము చేయునదియు నీ జాతి రాయియే. ఆమ్లము సోకినంతనే యది కరగి బుడగలు విడుచును. నిమ్మరసము, చింతపండు పులుసు సైతము దాని మెఱుగు తీయును. మా బోరునీటివలన కుళాయిలకు తెల్లని పొర పట్టును. దానిని వదలించుటకు నిమ్మచెక్క మంచిదే కాని, క్రింద తడిగుడ్డ పఱచి మఱి రుద్దవలెను. నేలకు మంచినీరును, కొంచెము సబ్బును చాలును. కావున మనిషిని కుదుర్చుకొనునపుడు ధరకంటె ముందు "ఈ నేల దేనితో కడుగుదువు?" అని యడుగుడు.

ఆ దినముననే యింకొకటి జరిగినది. స్నానపుగదిలో యాసిడ్డు పోసిన చోటనే యాతడు బ్లీచింగు పొడి చల్లెను. కిటికీ మూసియున్నది. క్షణములో దగ్గుచు, కన్నులు నులుముకొనుచు వెలుపలికి వచ్చెను. ఆ రెండును కలసిన పుట్టునది క్లోరిను వాయువు. 1915 ఏప్రిలులో బెల్జియమునందు జర్మను సేన శత్రువులపై విడిచిన దదియే. సంస్థవారు చేతితొడుగులైన నియ్యలేదు. ఆ కుఱ్ఱవాడు నాడే మఱి మూడిండ్లు తుడువవలెనట. మేము నేల పోయెనని వగచితిమే కాని, అతని రొమ్ము సంగతి నాటిరాత్రి వఱకు మాకు తోచలేదు. చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

ఇప్పుడు మా వీధి చివర నుండు నొకామె చేయుచున్నది. పై ప్రశ్నయే యడుగగా, "ఈ రాయికి యాసిడ్డేందమ్మా, మా నాయన బట్టీలో కాల్చింది ఇదేగా" అని నవ్వినది. అంతటితో కుదిరినది. నెలజీతము కాక వచ్చిన మారునకింత యని యిచ్చుచున్నాము. ఆమె వచ్చినపిమ్మట అతిథులు రామని చెప్పినను ఆనాటి కూలి తప్పక యిత్తుము. వారి మాఱుమనసునకు ఆమె యేల నష్టపడవలెను? సబ్బు, చేతితొడుగులు మావే. దుప్పట్లు మంచమున కొక జత, చాకింటి కొక జత, పెట్టెలో నొక జత యుండవలెను. రెండే యున్నచో వానకాలమున తడివి పఱువవలసివచ్చును. పరుపు కుట్లు విప్పారజూచుట మాత్రము మఱువరాదు. బాటసారుల పెట్టెలవెంట నల్లులు దిగును, ఒకసారి చేరినచో కదలవు.

తాళపుచెవి యామెయొద్దనే యుండును. దీనికి మా యత్తగారు మొదట నొప్పుకొనలేదు. ఒక అతిథి మఱచిన బంగరు ఉంగరమును ఆమె తెచ్చి యత్తగారి చేతిలోనే పెట్టిన నాటినుండి ఆ మాట యెత్తలేదు.

హాలులోని తెల్లమచ్చపై చాప పఱచియుంచితిమి. ఆమె వచ్చినపుడెల్ల చాప యెత్తి, ఆ మచ్చనుగూడ తుడిచి, మరల పఱచిపోవును.